పిడుదు జ్వరం: ఆవుకూ, కుక్కకూ, పిల్లికీ

మన లైన్లలో పశువు జబ్బు పడితే మొదట వచ్చే మాటలు మూడు. ఎండ దెబ్బ, దిష్టి, లేదంటే ఎవరో ఏదో పెట్టినారు. పోయిన వేసవి చివర మొదటి వాన పడినాక మా వెనక లైనులో నెల లోపల ఒక ఆవు, రెండు పిల్లులు చనిపోయినాయి. ఈ మూడు మాటలూ అప్పుడు వినపడినాయి. మూడో మాట వల్ల రెండు ఇళ్ల మధ్య రాకపోకలు కూడా నిలిచిపోయినాయి. అసలు కారణం పెసరగింజంత ఉండే పిడుదు, దాన్ని చంపడానికి మనం వాడిన మందు. దాన్ని గురించి డాక్టరు సారును అడిగి తెలుసుకున్నది, చదివినది, కళ్లారా చూసినది మన పత్రిక చదివే అక్కచెల్లెళ్లకూ అన్నదమ్ములకూ చెప్పాలని ఇది రాస్తున్నాను. నేను స్పిన్నింగ్ మిల్లులో కోన్ వైండింగులో పని చేస్తాను. ఇంట్లో ఒక ఎనుము, ఒక పిల్లి ఉన్నాయి.

ఆ ఆవు సంగతి

ఆ అక్కది రింగ్ ఫ్రేములో నైట్ షిఫ్టు. ఇంటాయనకు మిల్లులో పని పోయినాక సంఘం అప్పుతో కోలారు వైపు నుంచి సీమ సంకరం ఆవును తెచ్చుకున్నారు. పూటకు ఐదు లీటర్లు తగ్గకుండా ఇచ్చేది. ఒక పొద్దున పాలు సగానికి పడినాయి. ఎండకు అనుకున్నారు. రెండో రోజు మేత ముట్టలేదు, కళ్ల నీళ్లు కారినాయి. సూదులు వేసే ఒకాయన వచ్చి రెండు సూదులు వేసి పోయినాడు. మూడో రోజు భుజం ముందర, మెడ కింద బిళ్ల కట్టింది. కోడిగుడ్డంత గడ్డ. దెబ్బ తగిలిందేమో అని పసుపు పట్టు వేసినారు.

ఐదో రోజు గవర్నమెంటు పశువుల డాక్టరు వచ్చినాడు. ఆయన కన్నడాయన. రాగానే "ఎష్టు దిన ఆయ్తు?" అన్నాడు. ఎన్నాళ్లయింది అని. థర్మామీటరు పెడితే 106 దాటింది. కనురెప్ప లోపల చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. చెవి కొన నుంచి రక్తపు చుక్క గాజు పలక మీద తీసుకున్నాడు. చెవుల లోపల, పొదుగు కింద, తోక మొదట్లో చూపించి, "ఇవి చూడమ్మా, ఉణ్ణె" అన్నాడు. మన పిడుదునే వాళ్లు ఉణ్ణె అంటారు. సూది వేసినాడు గానీ, "రెండో రోజే పిలిచి ఉంటే" అని ఆగిపోయినాడు. ఆరో రోజు తెల్లారి అక్క షిఫ్టు దిగి వచ్చేసరికి ఆవు లేదు.

ఆవు పోయినా కంతు ఆగదు. ఆ ఇంటికి ఇంకా పద్నాలుగు కంతులు ఉన్నాయి. మనకు జ్వరం వస్తే ఈఎస్ఐ ఉంది. ఆవుకు లేదు. కాబట్టి ఈ జబ్బు సంగతి మనమే తెలుసుకోవాలి.

పిడుదు లోపల ఏముంది

ఆ జబ్బు పేరు థైలేరియాసిస్. థైలేరియా అన్యులేటా అనే కంటికి కనపడని జీవి దానికి కారణం. అది వైరస్ కాదు, బ్యాక్టీరియా కాదు. మనిషికి మలేరియా తెచ్చే జీవి లాంటి పరాన్నజీవి. మలేరియాకు దోమ ఎట్లనో, దీనికి హయలోమా అనే జాతి పిడుదు అట్ల. జబ్బు ఉన్న పశువు రక్తం తాగినప్పుడు ఆ జీవి పిల్ల పిడుదు కడుపులోకి పోతుంది. పిడుదు కుబుసం విడిచి పెద్దదై ఇంకో పశువును పట్టినప్పుడు ఎంగిలితో పాటు దాని ఒంట్లోకి దిగుతుంది. ముందు బిళ్లల్లో పెరుగుతుంది, తరువాత ఎర్ర రక్తకణాల్లోకి చేరి వాటిని పాడు చేస్తుంది. పిడుదు కుట్టిన వారం నుంచి మూడు వారాల లోపల జ్వరం కనపడుతుంది.

ఇందులో మనకు పనికివచ్చే విషయం ఒకటుంది. పిడుదు పట్టిన నిమిషంలోనే జబ్బు ఎక్కదు. అది రెండు మూడు రోజులు రక్తం తాగినాకనే ఆ జీవి దాని ఎంగిలిలో బయటికి రావడానికి సిద్ధమవుతుంది. అందుకే రోజూ పాలు పితికేటప్పుడు చెవులు, పొదుగు, తోక కింద తడిమి చూసి పిడుదులు తీసేస్తే ఆ శ్రమ వృథా పోదు.

రెండో జబ్బు బబీసియా. దీంట్లో మూత్రం కాఫీ రంగులో, ఎర్రగా వస్తుంది. మన పెద్దవాళ్లు ఎర్ర మూత్రం జబ్బు అంటారు. దీన్ని తెచ్చేది ఇంకో జాతి పిడుదు. తల్లి పిడుదు నుంచి గుడ్లకూ ఈ జీవి పోతుంది కాబట్టి పుట్టిన పిల్ల పిడుదు కూడా జబ్బు మోస్తుంది.

నాటు ఆవుకు ఈ పిడుదులతో తరతరాల పరిచయం ఉంది. జబ్బు తగిలినా చాలాసార్లు తట్టుకుంటుంది. ఎనుముకు కూడా తగులుతుంది గానీ ఎక్కువగా తేలికగా పోతుంది, పైకి బాగా కనపడుతూనే జబ్బును ఒంట్లో మోస్తుంది. సీమ రక్తం కలిసిన ఆవుకు ఆ ఓర్పు లేదు. పాలు ఎక్కువ ఇచ్చేదానికే ప్రాణగండం ఎక్కువ. మా ఎనుము బాగుంది గదా, మీ ఆవుకు ఏమైంది అని అనకూడదని నాకు అప్పుడు తెలిసింది.

ఇది ఇప్పుడు పుట్టినది కాదు

అమెరికాలో దక్షిణం వైపు టెక్సాస్ నుంచి మందలను ఉత్తరానికి తోలుకుపోతే, తోలిన పశువులు బాగుండేవి, దారిలోని ఊళ్ల పశువులు చచ్చేవి. పిడుదుల వల్లనే అని పశువులు తోలేవాళ్లు అంటే చాలామంది నమ్మలేదు. 1893లో థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అనే ఇద్దరు ఆ మాటే నిజమని రుజువు చేసినారు. మలేరియా జీవిని రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో దోమ కడుపులో చూసినది 1897లో. అంటే పశువుల పిడుదు సంగతి అంతకు నాలుగేళ్ల ముందే తేలింది. థైలేరియా అనే పేరు దక్షిణాఫ్రికాలో పని చేసిన ఆర్నాల్డ్ థైలర్ అనే పశువైద్యుడి పేరు మీద వచ్చింది.

మన వైపు కూడా ఈ పని జరిగింది. ఇండియన్ మెడికల్ సర్వీసులో ఉండిన పాటన్ అనే డాక్టరు 1908లో మన దేశపు పెంపుడు పిల్లుల రక్తంలో ఒక పరాన్నజీవిని చూసి రాసినాడు. దాన్ని ఇప్పుడు హెపటోజూన్ ఫెలిస్ అంటున్నారు. 1910లో ఆయనే మద్రాసులో వేట కుక్కల రక్తంలో, తరువాత నక్కల్లో, ఇంకో జీవిని కనిపెట్టినాడు. అదే బబీసియా గిబ్సోని. వీధి కుక్కలకు, ఇంటి కుక్కలకు ఈ పొద్దుటికీ పిడుదు జ్వరం తెచ్చేవాటిలో అదొకటి. అప్పట్లో బళ్లారి కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే.

పిల్లుల సంగతి

పత్తి గోడౌను, బియ్యం మిల్లు ఉన్న చోట ఎలుక ఉంటుంది, ఎలుక ఉన్న చోట పిల్లి ఉండాల్సిందే. మన ఇళ్లలో పిల్లి పగలు కొట్టంలో, రాత్రి పిల్లల పక్కలో పడుకుంటుంది. ఒంటిని తనే నాకి శుభ్రం చేసుకుంటుంది కాబట్టి పిడుదులు తక్కువ కనపడతాయి. కానీ నాలుక అందని చోట్ల, అంటే చెవుల్లో, గడ్డం కింద, మెడ మీద, పట్టి ఉంటాయి.

అమెరికాలో పిల్లులకు వచ్చే పిడుదు జబ్బు చాలా చెడ్డది. సైటాక్స్‌జూన్ ఫెలిస్ అనే జీవి, మన ఆవు థైలేరియాకు దగ్గరి చుట్టమే. 1976లో మిసోరి రాష్ట్రంలోని పిల్లుల్లో మొదట రాసినారు. అక్కడి అడవి పిల్లి బాబ్‌క్యాట్ దాన్ని ఒంట్లో మోస్తుంది, వీపు మీద తెల్ల చుక్క ఉండే పిడుదు ఇంటి పిల్లికి తెస్తుంది. మందు పడకపోతే వారం లోపలే ప్రాణం పోతుంది. ఆ పిడుదు ఉండే చోట్లు పెరిగేకొద్దీ జబ్బు కూడా కొత్త రాష్ట్రాలకు పాకింది. ఆ పిడుదు అమెరికాది, మన కొట్టాల్లోది కాదు. మన పిల్లులకు హెపటోజూన్, బబీసియా లాంటివి వస్తాయి. చాలా పిల్లులు పైకి ఏమీ కనపడకుండానే మోస్తాయి. ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు, వేరే జబ్బు కలిసినప్పుడు పడిపోతాయి. పిల్లి జాతిలో పెద్దదైన సింహానికి కూడా ఇది తప్పలేదు. 2018లో గుజరాత్ గిర్ అడవిలో కొన్ని వారాల్లోనే 20కి పైగా సింహాలు చనిపోయినాయి. డిస్టెంపర్ వైరస్‌తో పాటు పిడుదు తెచ్చే బబీసియా కూడా వాటిలో దొరికింది.

ఇంక మా వెనక లైను పిల్లుల సంగతి. ఆవు పోయినాక అందరికీ భయం పట్టింది. ఎవరి కొట్టంలో వాళ్లు మందు కొట్టినారు. ఇద్దరు ముగ్గురు పశువుల మందు తెచ్చినారు, ఒకరు మిరప చేనుకు కొట్టే మందే డబ్బాలో మిగిలింది తెచ్చి కొట్టినారు. మర్నాడు పక్కింటి రెండు పిల్లులు వణుకుతూ, నురగ కక్కుతూ, మూలన పడి చనిపోయినాయి. మా పిల్లులకు విషం పెట్టినారు అని ఆ ఇల్లు, మేం ఎందుకు పెడతాం అని ఈ ఇల్లు. మాట మాట పెరిగింది.

డాక్టరు సారును అడిగితే చెప్పినాడు. "ఎవరూ పెట్టలేదమ్మా. ఆవు మీద, గోడ మీద కొట్టిన మందు పిల్లి ఒంటికి అంటింది, పిల్లి నాకింది." ఆవుకు, కుక్కకు వాడే పిడుదు మందుల్లో కొన్నింటిని పిల్లి కాలేయం విరగ్గొట్టి బయటికి పంపలేదు. పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ అని డబ్బా మీద ఉంటే అది పిల్లికి విషమే అనుకోవాలి. అమిట్రాజ్ కూడా పిల్లికి పడదు. కుక్క మెడ మీద వేసే చుక్కల మందును పిల్లికి ఎప్పుడూ వేయకూడదు.

ఇంకొకటి కూడా ఆ రోజే చెప్పినాడు. పిల్లికి జ్వరంగా ఉందని మన ఇంట్లో పిల్లలకు వేసే పారాసిటమాల్ ముక్క వేస్తే పిల్లి చనిపోతుంది. సగం మాత్ర కూడా చాలు. ఒళ్లు కాలుతూ ఉంటే, చిగుళ్లు తెల్లబడితే, తిండి మానేస్తే ఆసుపత్రికే తీసుకుపోవాలి.

మన వైపే ఎందుకు ఇంతగా

మన ఊళ్లు గీత మీద ఉన్నాయి. 1953లో జిల్లాను విడదీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో ఉండిపోయినాయి, బళ్లారి మైసూరుకు పోయింది. పశువుకు, పిడుదుకు ఆ గీత లేదు. ఈ సంతలో కొన్న ఆవు వారంలో ఆ రాష్ట్రం కొట్టంలో ఉంటుంది. సిరుగుప్ప, గంగావతి వైపు తుంగభద్ర కాలువల కింద మన తెలుగువాళ్ల క్యాంపుల్లో పచ్చి మేత ఉంది, సీమ ఆవులు ఉన్నాయి. కొత్త ఆవుతో పాటు పిడుదు వస్తుంది. లేదా కొత్త ఆవు జబ్బు ఎరగని చోటు నుంచి వచ్చి మన పిడుదుల నోట్లో పడుతుంది.

మన కొట్టాలు కూడా దానికి తోడు. హయలోమా పిడుదు రక్తం తాగి ఉబ్బినాక పశువును విడిచి కింద పడి, గోడ పగుల్లోకి, రాతి సందుల్లోకి పోయి వేల గుడ్లు పెడుతుంది. తిండి లేకపోయినా నెలల తరబడి ఆ సందుల్లో బతుకుతుంది. ఎండ తరువాత వాన పడి ఉక్కపోత మొదలైనప్పుడు గుంపులుగా బయటికి వస్తుంది. ఆవు ఒంటి మీద మాత్రం మందు పూసి గోడను విడిచిపెడితే పది రోజులకు మళ్లీ మొదటికే వస్తుంది.

చేయాల్సినవి

* పాలు ఒక్కసారిగా పడిపోయి, ఒళ్లు కాలుతూ, భుజం ముందర బిళ్ల కడితే ఆ రోజే డాక్టరును పిలవండి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశు వైద్య బండి సంగతి చెబుతారు. ఈ నంబరు కర్ణాటకలోనూ ఆంధ్రలోనూ ఒకటే. మాట కన్నడంలో రాకపోతే ఎన్ని రోజులుగా జ్వరం, ఎన్ని లీటర్లు తగ్గింది, పిడుదులు ఉన్నాయా, మూత్రం రంగు ఏమిటి, ఈ నాలుగూ చెప్పండి చాలు.
* థైలేరియాకు బుపార్వాక్వోన్ అనే సూది ఉంది. రక్తం ఇంకా బాగా ఉన్నప్పుడు పడితే పని చేస్తుంది. ఖరీదైన మందే, కానీ ఆవు ఖరీదులో కొంచెమే. ఊరికే జ్వరం సూదులతో రోజులు గడపవద్దు.
* కొత్త ఆవు తెస్తే పిడుదులు చూసి, తీసి, మందు వేయించి, మూడు వారాలు మిగతా వాటికి దూరంగా కట్టండి.
* గోడ పగుళ్లు మట్టితోనో సిమెంటుతోనో పూడ్చి సున్నం కొట్టండి. పిడుదులను కాల్చాలని గోడకు మంట పెట్టవద్దు. మన ఇళ్ల పక్కన పత్తి వేస్టు మూటలు ఉంటాయి.
* చేనుకు కొట్టే మందు పశువు మీద కొట్టవద్దు. పశువుల మందు కూడా డాక్టరు చెప్పిన కొలతలోనే. కొట్టే రోజు పిల్లులను ఇంట్లో మూసిపెట్టి, కొట్టం పూర్తిగా ఆరినాకనే వదలండి. పొదుగు కడిగి పాలు పితకండి.
* పిడుదును వేళ్లతో నలపవద్దు. 2011 జనవరిలో గుజరాత్‌లో క్రిమియన్ కాంగో జ్వరం అనే జబ్బు మన దేశంలో మొదటిసారి బయటపడి మనుషులు చనిపోయినారు. దాన్ని తెచ్చేది కూడా హయలోమా జాతి పిడుదే. చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగి సబ్బునీళ్లలో వేయండి. తరువాత చేతులు కడుక్కోండి.
* భయపడేవాళ్ల కోసం ఒక మాట. ఆవు థైలేరియా మనిషికి అంటదు. శివమొగ్గ వైపు అడవుల్లో 1957లో బయటపడిన మంగన కాయిలె వేరే జబ్బు, అది వైరస్. పాలు ఎప్పటిలాగా కాచి తాగవచ్చు.

ఒక్కరి వల్ల కానిది

థైలేరియాకు టీకా ఉంది. రక్షావాక్-టి అని హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారు చేస్తుంది. గాలికుంటు టీకా లాగా ఇంటింటికీ వచ్చి వేయరు, మనమే అడిగి వేయించుకోవాలి. ఇది బతికి ఉన్న కణాలతో చేసిన టీకా. గడ్డకట్టే చలిలో, ద్రవ నత్రజనిలో ఉంచాలి. బయటికి తీసినాక వెంటనే వాడాలి. ఒక సీసా ఒక్క ఆవుకు కాదు, కొన్ని ఆవులకు. అందుకే ఒక్క ఇల్లు పోయి అడిగితే డాక్టరుకు తెప్పించడం కష్టం. పది ఇళ్లు పేర్లు రాసి ఇస్తే వీలవుతుంది. చూలు ఆవులు, జబ్బుగా ఉన్న ఆవులు ఉంటే ముందే డాక్టరుకు చెప్పాలి.

పశువు బీమా సంగతి కూడా అప్పుడే అడగండి. చెవికి పోగు ఉండాలి, చనిపోతే డాక్టరు చూసి రాసిన కాగితం ఉండాలి. ఆ రెండూ లేకుండా పూడ్చేస్తే కంతులే మిగులుతాయి.

మా లైనులో ఇప్పటికి ఏడు ఇళ్ల వాళ్లు పేర్లు ఇచ్చినారు. వాటిలో మాట్లాడుకోవడం మానేసిన ఆ రెండు ఇళ్లూ ఉన్నాయి. ఇంకా పూర్తిగా కలిసిపోయినారని చెప్పలేను గానీ, వచ్చే ఆదివారం కొట్టాల గోడలకు సున్నం కొట్టడానికి రెండు ఇళ్ల మగవాళ్లూ వస్తామన్నారు. ఆవు పోయిన అక్క ఇంట్లో ఇప్పుడు పశువు లేదు. అయినా తన కొట్టం గోడ కూడా పూడ్చాలని ఆమే మొదట అడిగింది. ఖాళీ కొట్టంలోని పిడుదు పక్క కొట్టానికి పోతుంది గదా అన్నది. మీ లైనులో ఎన్ని ఆవులు ఉన్నాయో, ఎన్ని గోడలు పగిలి ఉన్నాయో వానలు రాకముందే ఒకసారి లెక్క చూసుకోండి.